నాయుడుగారి పక్కన కూర్చుని

కారా మాస్టారి కథ మొదలుపెట్టే ముందు నాకు ఇప్పటికీ కాస్త జంకుగానే ఉంటుంది. మనసు బాగోలేనప్పుడు అభిమాన రచయిత పుస్తకం పట్టుకుని ఓ మూల కూర్చుంటామని చాలామంది చెబుతారు. నా విషయంలో అలా జరగదు. ఒంట్లో ఓపిక, బుర్రలో నిలకడ ఉన్న రోజు చూసుకునే కారా మాస్టారి, అదే కాళీపట్నం రామారావు గారి, పుస్తకం తీస్తాను. ఆ కథల్లోకి వెళ్తే ఎవరో ఒకరు నన్ను నిలదీస్తారని ముందే తెలుసు. తెలిసీ వెళ్తాను. నీకిష్టమైన రచయిత ఎవరని అడిగితే తడుముకోకుండా ఆయన పేరే చెబుతాను. ఎందుకు ఇష్టమో చెప్పమంటే మాత్రం మాట తడబడుతుంది. ఆ తడబాటు ఎక్కణ్ణుంచి వస్తోందో ఒకసారి తీరిగ్గా చూసుకోవాలనిపించింది.

ఆయన శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924 నవంబరు 9న పుట్టారు. విశాఖపట్నంలో లెక్కల మాస్టారుగా పనిచేసి 1979లో రిటైరయ్యారు. పిల్లలకు లెక్కలు చెబుతూనే కథలు రాశారు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం తెరిచారు. 2021 జూన్ 4న, తొంభై ఆరేళ్ల వయసులో వెళ్లిపోయారు. ఈ వివరాలు ఎవరైనా చెప్పగలిగేవే. నాకు అసలు తెలుసుకోవాలని ఉన్నది వేరే ఉంది. కథలంటే చెవి కోసుకునే పిల్లగా పెరిగిన నేను, కథ మీద ఇంత కఠినంగా ఉండే మనిషిని ఎందుకు నెత్తిన పెట్టుకున్నాను?

'యజ్ఞం' దగ్గర మొదలుపెడతాను. 1966లో 'యువ' పత్రికలో అచ్చయిన కథ. డిగ్రీ చదివే రోజుల్లో లైబ్రరీలో కూర్చుని చదివాను. సుందరపాలెం అనే ఊరు. అప్పల్రాముడు అనే కష్టజీవి గోపన్న దగ్గర అప్పు పడ్డాడు. అది తీరలేదు. ఊరి పెద్దల ముందు పంచాయతీ. తీర్పు చెప్పవలసిన పెద్దమనిషి శ్రీరాములునాయుడు. కథలో మొదట మనకు వినపడేది ఊరి సంగతులు. రోడ్డు పడింది, బడి వచ్చింది, ఊరు బాగుపడింది. ఆ బాగు వెనక నాయుడు గారి చేయి ఉంది. ఆయన దుర్మార్గుడు కాడు. గాంధీ కాలంలో మనసు పండిన మనిషి, ఊరి మేలు కోరినవాడు, మాట తూకం వేసి మాట్లాడేవాడు. న్యాయం ప్రకారం అప్పు తీర్చాలి కదా అంటాడు. ఎవరు కాదంటారు? నేనూ కాదనలేదు. పంచాయతీలో ఒక మూల కూర్చున్నదాన్ని మెల్లిగా జరుగుతూ వచ్చి నాయుడుగారి పక్కన చేరాను. ఆయన ప్రతి మాటకూ లోపల తల ఊపాను. అప్పల్రాముడు తన గోడు చెప్పుకుంటున్నప్పుడు జాలిపడ్డాను. కానీ జాలి వేరు, న్యాయం వేరు అనుకున్నాను. ఆ ముసలాయన ఒప్పుకుని భూమి వదులుకోడానికి సిద్ధపడ్డప్పుడు, అయ్యో అనిపించినా, హమ్మయ్య అని కూడా అనిపించింది. గొడవ తెగిందని.

అప్పుడు సీతారాముడు వస్తాడు. అప్పల్రాముడి కొడుకు. ఆ భూమి పోతే తన పిల్లలు తరతరాలూ కంబారులుగా, అంటే పాలేళ్లుగా, బతకాలని తెలిసినవాడు. తన కొడుకును తానే చంపి తెచ్చి ఆ పెద్దల ముందు పడేస్తాడు.

పుస్తకం మూసేశాక చాలాసేపు లేవలేదు. నన్ను కుదిపింది ఆ చావు ఒక్కటే అయితే ఇంతకాలం గుర్తుండేది కాదు. ఆ చావుకు ముందున్న ప్రతి మెట్టు మీదా నా పాదముద్ర కనిపించింది. నాయుడుగారు చెప్పిన ఏ మాట దగ్గరా నేను ఆగి ఇది తప్పు అనలేదు. అన్నిటికీ తల ఊపి, చివర్న రక్తం చూసి ఉలిక్కిపడ్డాను. ఆ ముగింపు సరైందా కాదా, వాడు శత్రువును వదిలి సొంత బిడ్డను ఎందుకు చంపాలి అని విమర్శకులు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. ఆ వాదాలన్నీ చదివాను, వాటి విలువ వాటికుంది. నాకు మాత్రం అసలు సంగతి ముగింపు కంటే ముందే జరిగిపోతుందనిపిస్తుంది. చదివేవాడు ఎక్కడ కూర్చున్నాడో వాడి చేతే ఒప్పించి, ఆ తర్వాత దీపం పెంచి చూపిస్తారు మాస్టారు.

ఇది కేవలం సాహిత్యానుభవంగా మిగిలిపోయి ఉంటే భక్తి దాకా వచ్చేది కాదు. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుకు ఫీజుకు అడ్వాన్సు కావాలంది. ఇచ్చాను. వడ్డీ లేదని చెప్పాను. నెలనెలా జీతంలో కొంచెం పట్టుకుంటానని, అలా అయితే తనకు భారం తెలియకుండా తీరిపోతుందని, చేతికిస్తే ఖర్చయిపోతుందని కాగితం మీద అంకెలు వేసి మరీ వివరించాను. నా గొంతు చాలా మర్యాదగా ఉంది. ఆమె విన్నది. తల ఊపింది. గుమ్మం దాటుతూ అంది, "తీరిపోద్దిలెండమ్మా. తీరీదాకా ఎలాగా మీ ఇల్లు ఒగ్గీసి ఎల్లలేను కదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది. అప్పటికి ఒకట్రెండు నెలలుగా పక్క వీధిలో ఇంకెవరో ఆమెను ఎక్కువ జీతానికి పిలుస్తున్నారని నాకు తెలుసు. నేను అంకెలు వేస్తున్నప్పుడు ఆ విషయం నా బుర్రలో ఏ మూల ఉందో, ఉందో లేదో కూడా ఈరోజుకీ తేల్చుకోలేకపోయాను. ఆ సాయంత్రం నాకు వినపడిన గొంతు నాయుడుగారిది. మంచితనం ఉంది, లెక్క ఉంది, ఎదుటి మనిషి మేలు కూడా ఉంది. అన్నీ ఉన్నాక కూడా ఆ మనిషి కదలడానికి వీల్లేకుండా ఉంది. ఆ రాత్రి మళ్లీ 'యజ్ఞం' తీశాను. ఈసారి నాయుడుగారి పక్కన కూర్చోడానికి జరగనక్కర్లేకపోయింది. మొదటి నుంచీ అక్కడే ఉన్నాను.

వయసు మారినకొద్దీ నేనెక్కడున్నానో చెప్పే కథ నాకు ఇదొక్కటే. నా అభిమానానికి పునాది ఇక్కడుందని ఇప్పుడు గట్టిగానే చెప్పగలను.

అయితే నాలో ఇంకో మనిషి ఉంది. కథ ఎవరికి మేలు చేస్తుంది, ఎవరిని నిలదీస్తుంది అన్న లెక్కలేవీ పట్టని మనిషి. 'అప్పుడేమైంది' అన్న ఒక్క ప్రశ్న మీద బతికే మనిషి. ఆ మనిషిని పెంచింది మా పెద్దమ్మ.

మాది పలాస వైపు. పెద్దమ్మ జీడి బట్టీలో పనికి వెళ్లేది. కాల్చిన పిక్కల్ని చిన్న కర్రతో కొట్టి, పెంకు పగలగొట్టి, లోపలి పప్పు చితక్కుండా తీయాలి. పప్పు నిండుగా వస్తే గుండు, రెండుగా విడిపోతే బద్ద. రేటు దానికొకటి, దీనికొకటి. దెబ్బ కొంచెం బలంగా పడితే కూలి తగ్గుతుంది. కొంచెం మెత్తగా పడితే పెంకు విచ్చుకోదు, పొద్దు గడవదు. పెంకులోంచి కారే జీడి చేతికి అంటితే చర్మం ఊడుతుంది. అందుకని చేతులకు బూడిద పులుముకునేవారు. బూడిద మీద జీడి, జీడి మీద బూడిద. పెద్దమ్మ వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగా, గట్టిగా ఉండేవి. పండగనాడు తలంటుకున్నా ఆ నలుపు పోయేది కాదు. అన్నం కలుపుతుంటే నేను ఆ వేళ్లనే చూసేదాన్ని.

సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేది. వరసగా కూర్చున్న ఆడవాళ్లు, టకటకమని కర్రల చప్పుడు, మధ్యలో పెద్దమ్మ గొంతు. ఏడుగురు అన్నదమ్ముల కథ, నోరు తిరిగిన కోడలి కథ, మొసలిని పెళ్లాడిన పిల్ల కథ. ఒకే కథను రెండోసారి అదే కథలా చెప్పేది కాదు. కోడలు ఒకసారి గెలిచేది, ఒకసారి అత్తను గెలిపించి తాను నవ్వేది. ముందున్న గంపలో పిక్కలు అయిపోవస్తుంటే కథను ఒక గట్టున నిలబెట్టేది. మొసలి నోరు తెరుస్తుంది, పిల్ల వెనక్కి చూస్తుంది, పెద్దమ్మ లేచి గంప మార్చుకోడానికి వెళ్తుంది. తిరిగొచ్చేదాకా ఎవరూ మాట్లాడరు. కర్రలు మాత్రం ఆగవు. ఆమె వచ్చి కూర్చుని, బూడిద పులుముకుని, ఒక పిక్క కొట్టి, పప్పు గుండుగా వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడు నోరు విప్పేది. నేను రాసే కథల్లో ఏ మాట దగ్గర ఆగాలో నేర్పింది ఆ గంప మార్చుకోడమే. ఏ రచయితా నేర్పలేదు.

యజమాని అప్పుడప్పుడు గుమ్మంలో నిలబడి వినేవాడు. చెప్పు, చెప్పు అనేవాడు. పెద్దమ్మకు ఒక టీ ఎక్కువ పంపేవాడు. అప్పట్లో అది నాకు గర్వంగా ఉండేది. చాలాకాలం తర్వాత, నేను నాలుగు కథలు అచ్చులో చూసుకున్నాక, ఆమెను అడిగాను. ఎందుకు చెప్పేదానివి పెద్దమ్మా, నోరు ఎండిపోయేదాకా? ఆమె తడుముకోలేదు. "కతుంటే సెయ్యి ఆగదే గుంటా. కత నేకపోతే ఒళ్లు గుర్తొచ్చెస్తాది."

ఈ మాటను ఎన్నోసార్లు నాలో నేనే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. కథ ఉంటే చేయి ఆగదు. చేయి ఆగకపోతే గంపలు నిండుతాయి. గంపలు నిండితే ఆమెకు నాలుగు డబ్బులు ఎక్కువ, యజమానికి అంతకంటే చాలా ఎక్కువ. ఆ టీ ఊరికే రాలేదు. నొప్పి తెలియకుండా పని చేయించే మందుగా పెద్దమ్మ కథ ఆ బట్టీలో పనికొచ్చింది. మరోవైపు, ఒళ్లు గుర్తు రాకుండా గడిచిన ఆ గంటలు ఆ ఆడవాళ్లవి. వాటిని వాళ్ల దగ్గర్నుంచి నేను ఏ సిద్ధాంతం పేరుతోనూ లాక్కోలేను. మొసలి నోరు తెరిచినప్పుడు వాళ్ల కళ్లలో కనిపించిన వెలుగు నిజం. అది మోసం అనే హక్కు, చేతికి జీడి అంటని నాకు లేదు.

నా తడబాటు ఇక్కడే పుడుతోంది. పెద్దమ్మ కథ ఒళ్లు మరిపిస్తుంది. మాస్టారి కథ ఒళ్లు గుర్తు చేస్తుంది. 'జీవధార'లో బిందెలు పట్టుకుని పెద్దింటి ముందు నీళ్ల కోసం నిలబడ్డ పేట ఆడవాళ్లను చదువుతుంటే నా చేతిలో ఉన్న గ్లాసు బరువు తెలుస్తుంది. 'నో రూమ్' చదివాక మా పడకగది తలుపు గడియ వంక చూడకుండా ఉండలేకపోయాను. మొగుడూ పెళ్లాలు ఒకచోట ఒంటరిగా ఉండడానికి ఇంత చోటు కూడా లేకపోవడం అనే సంగతిని నేను అంతకుముందు పేదరికం జాబితాలో రాసుకోనే లేదు. ఆకలి రాసుకున్నాను, అప్పు రాసుకున్నాను, గడియ రాసుకోలేదు.

కథ మరిపించాలా, గుర్తు చేయాలా? సాహిత్య సభల్లో ఈ వాదం వచ్చినప్పుడల్లా నేను రెండో పక్షానే మాట్లాడుతూ వచ్చాను. చప్పట్లూ వచ్చాయి. ఇంటికొచ్చి రాత్రి పడుకునేటప్పుడు మాత్రం ఏదో ఒక మొసలి కథే కావాలి నాకు. ఈ రెండింటి మధ్యా నేను దాక్కుంటున్నానేమో అన్న అనుమానం చాలాకాలం పీడించింది. సభలో చెప్పుకోడానికి ఒక రచయిత, లోలోపల ప్రేమించడానికి ఒక పెద్దమ్మ. అలాగే అయితే నా అభిమానం పైపూతే అవుతుంది.

తేల్చుకుందామని ఈ మధ్య ఆయన కథల్ని వరసపెట్టి మళ్లీ చదివాను, రాసేవాళ్లు చదివినట్టు. ఎవరి నోటి మీదుగా చెబుతున్నారు, ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ ఆగారు, ఇవన్నీ పక్కన గుర్తు పెట్టుకుంటూ. రావిశాస్త్రి గారిని చదివితే వాక్యం వెంట పడతాం. ఆ ఉపమానాలు, ఆ విరుపులు, ఆ హోరు. చదివిన వారం రోజుల దాకా మన వాక్యం ఆయన వాక్యంలా ఊగుతుంది. చాసో గారి దగ్గర క్లుప్తత కట్టిపడేస్తుంది. మాస్టారి దగ్గర అనుకరించడానికి ఏమీ దొరకదు. నేను ప్రయత్నించాను కాబట్టి చెబుతున్నాను. మెరిసే వాక్యం కోసం వెతికితే చేతికి ఏదీ తగలదు. పిల్లవాడికి అర్థమయ్యేదాకా ఒక్క మెట్టూ వదలకుండా బోర్డు మీద లెక్క చేసే మాస్టారిలా, ఒక మాట తర్వాత దాని నుంచే పుట్టే రెండో మాట, దాని నుంచి మూడోది. ఆ లెక్క చివరికొచ్చేసరికి జవాబు మన ఇంట్లో ఉంటుంది.

కానీ ఈసారి ఇంకోటి కనిపించింది. 'యజ్ఞం' అంతా నిజానికి కథ చెప్పడమే. నలుగురూ కూర్చున్నారు. ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. ఊరు ఎలా ఉండేది, ఎలా మారింది, అప్పు ఎలా పడింది, ఎందుకు తీరలేదు. ఒక్కొక్కరూ తమ కథ తాము చెప్పుకుంటారు. తర్వాత ఏమంటాడో అని మనం మెడ చాస్తాం. మా పెద్దమ్మ బట్టీలో వాడిన మంత్రమే అది, ఊరి అరుగుల మీద ఎప్పటినుంచో నడుస్తున్న మంత్రమే. మాస్టారు దాన్ని కాదనలేదు. దాని బలం ఎంతో బాగా తెలిసినవారు కాబట్టే మనల్ని ముందు అందులో ముంచారు. కథ మత్తులో మనిషి ఎన్నిటికి తల ఊపుతాడో చూపించాలంటే ముందు ఆ మత్తు ఇవ్వాలి. ఆయన కథలు తర్కం తప్ప రసం లేనివని అనేవాళ్లతో నేను అందుకే ఏకీభవించలేను. వినే సుఖం లేకపోతే ఆ కథలో మనం నాయుడు గారి పక్కన చేరే వాళ్లమే కాదు. చేరకపోతే ఆ చివరి దెబ్బ మనకు తగిలేదీ కాదు.

కాబట్టి పెద్దమ్మను ప్రేమించే మనిషీ, మాస్టారిని నెత్తిన పెట్టుకున్న మనిషీ ఒకరే. నాకు కథ మీద ఉన్న మోహాన్ని ఆయన చెరపలేదు. ఆ మోహం ఎవరి పక్కన కూర్చోబెడుతుందో చూసుకోమన్నారు. ఇన్నాళ్లూ నేను వేరు చేసి చూసుకున్నది ఒకే సంగతికి రెండు కొసలు.

ఇంకో ముడి మిగిలింది. ఆయన కథలన్నీ కలిపినా పెద్ద రాశేమీ కాదు. రాసిన కథ తనకు నచ్చక, రాసే పద్ధతే నచ్చక, కొన్నేళ్లు కలం పక్కన పెట్టేశారు. తిరిగి మొదలుపెట్టాక వచ్చినవే మనం ఇప్పుడు చెప్పుకునే గొప్ప కథలు. 1970ల తర్వాత దాదాపుగా రాయనే లేదు. నేను రాసేదాన్ని కాబట్టి ఈ మౌనం నన్ను భయపెట్టేది. నాకు వారం రోజులు కథ తట్టకపోతే ఒంట్లో బాగోనట్టు ఉంటుంది. అచ్చులో పేరు కనపడి చాలాకాలమైతే నన్ను జనం మర్చిపోయారేమోనన్న దిగులు పట్టుకుంటుంది. నాకు ఇష్టం రాయడమా, రచయితగా కనపడడమా అని అడిగితే, నిజాయితీగా జవాబు చెప్పడానికి నాకు కొంత వ్యవధి కావాలి. అలాంటిది, అంత పేరు తెచ్చుకున్న మనిషి చెప్పవలసింది ఇంక లేదనుకుని ఊరుకోవడం ఎలా సాధ్యమైంది?

ఊరుకోలేదని కథానిలయం చూశాక తెలిసింది. రిటైరయ్యాక ఆయన తన కథల సంగతి మానేసి తెలుగు కథ సంగతి పట్టుకున్నారు. ఒకప్పుడు ఆంధ్రజ్యోతిలో 'నేటి కథ' శీర్షిక నడిపి కొత్తవాళ్ల కథలకు చోటిచ్చిన మనిషే, ఏడు పదుల వయసులో పాత పత్రికల కోసం ఊళ్లు తిరిగారు. రచయితలకు ఉత్తరాలు రాశారు. ఇళ్లలో అటకల మీద చెదలు పడుతున్న సంచికలు అడిగి తెచ్చుకున్నారు. అవార్డు డబ్బు కూడా అందులోనే పెట్టారు. భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధన త్రయోదశి', గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' లాంటి మైలురాళ్ల గురించి మనం ఎలాగూ మాట్లాడుకుంటాం. మాస్టారి శ్రమ వాటి కోసం కాదు. ఎవరూ మాట్లాడుకోని వాటి కోసం.

అక్కడ ఒక మధ్యాహ్నం పాత వారపత్రిక ఒకటి తిరగేస్తుంటే ఒక కథ కనపడింది. రాసిన పేరు నేనెప్పుడూ వినలేదు. కథ గొప్పగా ఏమీ లేదు. ఒక గుమస్తా, జీతం రోజు, దారిలో కొన్న గాజుల జత, ఇంటికెళ్లేసరికి భార్య పుట్టింటికి పోయి ఉండడం. ముగింపు తేలిపోయింది. కానీ గాజుల బేరం ఉన్న పేరా మాత్రం సజీవంగా ఉంది. కొట్టువాడు గాజులు దారానికి గుచ్చి మోగించి చూపిస్తాడు, గుమస్తా సైజు చెప్పలేక తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా చేసి, ఇంత అంటాడు. భార్య చేయి ఎంత ఉంటుందో వాడి వేళ్లకు తెలుసు. ఆ ఒక్క సైగ కోసం ఆ కాగితాలు బతికి ఉండాలనిపించింది. నేనైతే ఆ కథను పక్కన పెట్టేసేదాన్ని. సంకలనకర్తగా ఉంటే తీసుకునేదాన్ని కాను. తన కథ విషయంలో ఒక్క వాక్యం అటూ ఇటూ అయినా ఒప్పుకోని మనిషి, ఇతరుల కథల విషయంలో మంచీ చెడ్డా చూడకుండా అన్నిటికీ ఒకే నీడ ఇచ్చారు.

ఇన్నాళ్లూ ఆయన కఠినత్వాన్నే చూసి దండం పెట్టాను. ఆ దండంలో నా స్వార్థం కొంత ఉంది. కఠినమైన రచయితను అభిమానిస్తే నా అభిరుచి కూడా ఉన్నతమైందన్న పేరు వస్తుంది కదా. ఆ బీరువాల మధ్య నిలబడ్డప్పుడు నాకు అర్థమైంది, ఆయన కఠినంగా ఉన్నది తనతోనే. జనం చెప్పుకున్న కథ ఏదైనా, ఎంత పేలవంగా ఉన్నా, పోకూడదనుకున్నారు. మా పెద్దమ్మ కథలు ఎవరూ రాసి పెట్టుకోలేదు. రాసి ఉంటే వాటికీ అక్కడ చోటు దొరికేది. ఆయన అడిగి మరీ తెచ్చుకునేవారు.

కథానిలయం వార్షికోత్సవంలో ఒకసారి ఆయన్ని దూరం నుంచి చూశాను. చుట్టూ జనం. తెల్లటి బట్టలు, కుర్చీలో కొంచెం ముందుకు వంగి ఎవరి మాటో వింటున్నారు. నాతో వచ్చిన స్నేహితురాలు పద పలకరిద్దాం అంది. నేను కదల్లేదు. ఏం రాస్తున్నావమ్మా అని అడుగుతారేమోనని బెదిరాను. పెద్ద రచయితను పలకరించే బిడియం అయితే సరే. అది కాదు. అప్పుడు నేను రాస్తున్నది నాకు నమ్మకం లేని కథ, ఒక పత్రిక పోటీ కోసం కొలత ప్రకారం కోస్తున్న కథ. ఆయన ముందు నిలబడి దాని గురించి మాట్లాడడానికి నోరు రాదని తెలుసు. అది ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు. అభిమాన రచయిత అంటే నాకు అర్థం ఇదే. ఎదురుగా లేకపోయినా, ఈ లోకంలోనే లేకపోయినా, రాసేటప్పుడు ఒకరు భుజం మీదుగా చూస్తుంటారు. ఆ కథను పోటీకి పంపలేదు.

ఇప్పుడు జీడి బట్టీ మీద కథ రాస్తున్నాను. నిజానికి చాలాకాలంగా రాస్తున్నాను. మొదటి రాతప్రతిలో పెద్దమ్మ దేవత, యజమాని రాక్షసుడు. చదువుకుంటే కన్నీళ్లొచ్చాయి. అవి తేలిగ్గా వచ్చిన కన్నీళ్లని తెలిసిపోయి చింపేశాను. రెండోసారి పెద్దమ్మ కథలే నింపాను. మొసళ్లూ కోడళ్లూ అందంగా వచ్చారు, బట్టీ మాయమైపోయింది. ఈసారి యజమానికి మొదటి మాట ఇచ్చాను. ఆయన్ని మంచివాడిగా రాస్తున్నాను, ఎందుకంటే మా పెద్దమ్మ ఎరిగిన యజమాని మంచివాడే. పండక్కి చీర పెట్టేవాడు, జ్వరమొస్తే మందుకు డబ్బిచ్చేవాడు, కథ వింటూ గుమ్మంలో నిలబడేవాడు. పిక్కల ధర ఎంత పెరిగిందో, పప్పు ధర ఎలా పడిపోయిందో, కూలి పెంచితే బట్టీ ఎందుకు మూతపడుతుందో ఆయన చెప్పే లెక్క నేను కాదనలేనట్టు ఉండాలి. నేను కాదనగలిగితే అది చేతకాని లెక్క. అందుకని ఆయన తరఫున బాగా ఆలోచిస్తున్నాను. ఇంట్లో అడ్వాన్సు ఇచ్చిననాడు నేను వాడిన గొంతే ఆయనకు ఇచ్చాను, మర్యాదతో సహా.

నిన్న రాత్రికి ఆయన మాటలు తొమ్మిది పేజీలయ్యాయి. ఇంకా పూర్తి కాలేదు. ఆ తర్వాత పెద్దమ్మ వంతు వస్తుంది. అప్పుడామె గంప దించి కథే ఎత్తుకుంటుందో, గుండుకు ఎంత, బద్దకు ఎంత అని లెక్కే అడుగుతుందో చూడాలి.